కవిగారికి అత్త చెప్పిన జవాబు

అత్త పోయిందన్న కబురు వాయిస్ మెసేజ్‌గా వచ్చింది. పొద్దున్నే పనిచేసే ఇంటి పాపని స్కూలు బస్సెక్కించి వచ్చి, బియ్యం కడుగుతూ ఫోను తెరిచాను. అవతల ఆమె కూతురి గొంతు. టీచరు కదా, ఇంగ్లీషులో ఒక్కో మాటా విడదీసి, "మా అమ్మ నిన్న సాయంత్రం పోయింది. మీకు తప్పకుండా చెప్పమంది" అని ఊరుకుంది. ఆ తర్వాత కాసేపు వాన చప్పుడు మాత్రం వినబడింది. రికార్డింగు ఆపడం మరిచిపోయినట్టుంది.

నేను బియ్యం నీళ్ళు వంచి, మళ్ళీ పోసి, మళ్ళీ వంచాను. ఏడవాలో, ముందు ఎవరికి చెప్పాలో తెలియలేదు. ఆమె నాకు చుట్టం కాదు. ఆమెది ఫిలిప్పీన్స్‌లో సముద్రపు ఒడ్డు పల్లె, నాది కోనసీమ. అబూదాబిలో, ముసఫ్ఫా పక్కనున్న విల్లాల కాలనీలో ఒకే అరబ్బుల ఇంట్లో ఆమె ఆ ఇంటి పాపని చూసుకునే మనిషి, నేను వంటమనిషి. నాలుగేళ్ళు ఒకే గదిలో పడుకున్నాం. అంతే బంధుత్వం.

అత్త అన్న పిలుపు కూడా పొరపాటున పుట్టిందే. 2020 మొదట్లో నేను ఆ ఇంట్లో చేరిన కొత్తలో, పక్క విల్లాలో పనిచేసే ఫిలిప్పీన్స్ అమ్మాయి ప్రహరీ మీంచి ఈమెను "ఆతే, ఆతే" అని పిలుస్తుండేది. ఇంత దూరంలో ఎవరో అత్తని అత్తా అని పిలుస్తున్నారు కదా అని ముచ్చటపడి నేనూ అలాగే పిలిచేశాను. ఆతే అంటే వాళ్ళ భాషలో అక్క అని తర్వాత తెలిసింది. సిగ్గుపడి దిద్దుకోబోతే, మీ భాషలో అత్త అంటే ఎవరని అడిగింది. నాన్న చెల్లెలు, మేనమామ భార్య, మొగుడి తల్లి అని చెప్పాను. ఒక్క మాటకి అన్ని ఉద్యోగాలుంటే తనకి అదే కావాలంది. అప్పట్నించీ అత్తే.

మా ఇద్దరి మధ్యా నడిచింది ఇంగ్లీషు, అరబీ కలిసిన వంటింటి భాష. ఖలాస్ అంటే అయిపోయింది, యల్లా అంటే పద, షువై షువై అంటే మెల్లగా, వాటి మధ్య నాకొచ్చిన ఇంగ్లీషు. ఆమె మాటల్ని ఇక్కడ తెలుగులో పెడుతున్నాను కాబట్టి అవి ఉన్నదానికంటే సాఫీగా కనిపిస్తాయి. నిజానికి ఒక్కో సంగతి అర్థం కావడానికి మేమిద్దరం చేతులూ, చెంచాలూ, ఒక్కోసారి ఉల్లిపాయలూ వాడేవాళ్ళం.

పొట్టి మనిషి. జుట్టు ఒక్క పోగు కూడా జారకుండా పిన్నులు పెట్టుకునేది. వాడిన ప్లాస్టిక్ సంచుల్ని కడిగి, తడి బట్టల్లా తీగ మీద ఆరేసేది. కూరలో వెనిగర్ పడందే ఆమెకు ముద్ద దిగేది కాదు. నా ఆవకాయని బ్రెడ్డు మీద రాసుకుని, కళ్ళనీళ్ళు కారుతున్నా పాప చూడకుండా తినేది. కోపంగా ఉన్నప్పుడు ఇస్త్రీ పెట్టె ముట్టుకోవద్దని నాకు చెప్పేది, బట్టకి తెలిసిపోతుందట. కల్లో ఏ భాషలో తిట్టుకుంటావో అదే నీ దేశం అనేది. నాకైతే ఒకసారి కల్లో అరబీ వచ్చిందని చెబితే, ఇక ఇంటికెళ్ళిపో, ఆలస్యం చేశావంది.

ఆమె నోట కవిత్వం నేను మొదట విన్నది ఇస్త్రీ గదిలోనే. యజమాని తొడిగే తెల్లటి పొడుగు అంగీలు, కందూరాలు, ఒక్కొక్కటీ పరిచి, పొడవాటి చేతుల మీద పెట్టె నడిపిస్తూ ఏదో గొణుగుతోంది. ప్రార్థన అనుకున్నాను. అడిగితే, మా ఊరి కవి అంది.

ఆ కవి వాళ్ళ పక్క ఊరి బడిలో మాష్టారట. అమెరికా వాళ్ళు ఆ దీవుల్ని ఏలుతున్న రోజుల్లో దేశభక్తి పద్యాలు రాశాడు, చిన్న పత్రికలో వ్యాసాలు రాశాడు, వాటి కోసమే జైలుకి వెళ్ళాడు. దేశమంతా తెలిసిన పేరు కాదు. వాళ్ళ జిల్లాకి మాత్రం ఆయనే పెద్ద. అత్త తాత ఆయన దగ్గర చదువుకున్నాడు. తాత నుంచి నాన్నకి, చేపల పడవ మీద పనిచేసే నాన్న నుంచి ఈమెకి ఆ పద్యాలు నోటికే వచ్చాయి. వల అల్లుతూ నాన్న ఒక పాదం చెబితే పిల్లలు తర్వాతి పాదం అందుకోవాలి. అందుకోలేని వాళ్ళకి ఆ పూట చేప తలకాయ దక్కదు.

ఆమెకు అన్నిటికంటే ఇష్టమైనది నది పద్యం. పాలకులు వాళ్ళ ఊరి నదికి తమ దొర పేరు పెట్టి, పటాల్లో అలాగే రాయించారట. పద్యంలో పిల్లలు గట్టున నిలబడి నదిని ఆ కొత్త పేరుతో పిలుస్తారు. నది తల తిప్పదు. చివరికి ఒక ముసలమ్మ బట్టలుతుకుతూ పాత పేరు నోట్లో అనుకుంటుంది, నీళ్ళు ఆమె పాదాల దాకా వస్తాయి. ఇంతే పద్యం. ఇది నాకు అర్థమయ్యేలా చెప్పడానికి ఆమె కుళాయి తిప్పి, సింకులో నీళ్ళు నింపి చూపించింది. నాకు మా పంట కాలువ గుర్తొచ్చింది.

ఆ ఏడాది కరోనాతో తలుపులు మూసేశారు. శుక్రవారం సెలవు పోయింది, బయటికి చెత్త సంచి పట్టుకెళ్ళడం కూడా ఆ ఇంటి కారు నడిపే డ్రైవరన్న పనే అయింది. జూన్‌లో వాళ్ళ స్వాతంత్ర్య దినం. అక్కడున్న ఫిలిప్పీన్స్ వాళ్ళంతా ప్రతి ఏడూ ఒక హాల్లో చేసుకునే పండగని అప్పుడు ఫోన్లలో చేసుకున్నారు. పాత కర్టెన్ అస్తరుతో, భుజాల దగ్గర సీతాకోకచిలుక రెక్కల్లా నిలబడే చేతుల గౌను తనే కుట్టుకుంది. ఇస్త్రీ బల్ల ముందు నిలబడి నది పద్యం చదివింది. ఫోను పట్టుకున్నది నేనే. తెరమీద చిన్న చిన్న గళ్ళలో ఎన్నో మొహాలు, వెనక బంకు బెడ్లు, వేలాడే తువ్వాళ్ళు. చదవడం అయ్యేసరికి ఆ గళ్ళలో చాలామంది ఏడుస్తున్నారు. ఆ రోజు ఆమె మొహంలో ఉన్న వెలుగు నేను మళ్ళీ చూడలేదు.

రెండేళ్ళకి పండగ మళ్ళీ హాలుకి వచ్చింది. ఈసారి పద్యం వద్దు, మాష్టారి వ్యాసం చదవమన్నారు. నిర్వాహకుడు ఆమె జిల్లావాడే. ఏదో కంపెనీలో అకౌంట్లు చూసే మర్యాదస్తుడు. వ్యాసం కాగితం ఫోనుకి పంపాడు. అది చూసిన దగ్గర్నుంచీ అత్త తీరు మారిపోయింది. పాలు పొంగబెట్టింది. పాప బూట్లు ఎడమది కుడికి తొడిగింది.

ఏముంది అందులో అని అడిగితే చాలా రోజులు చెప్పలేదు. ఒక మధ్యాహ్నం పాపని పడుకోబెట్టి వచ్చి, వంటింటి స్టూలు మీద కూర్చుని చెప్పింది. ఆ కాలంలో వాళ్ళ దీవుల నుంచి మగవాళ్ళు ఓడలెక్కి, పాలకుల చెరకు తోటల్లో కూలికి దూర దేశం పోయేవారట. ఆడవాళ్ళు కొందరు దొరసానుల వెంట ఆయాలుగా వెళ్ళేవారట. మాష్టారు వాళ్ళని ఉద్దేశించి రాసిన వ్యాసమది. తన పెట్టె తనే మోసుకుని రేవుకి వెళ్ళే జాతికి సంకెళ్ళతో పనేమిటని అడుగుతాడు. చివరికొచ్చేసరికి, పరాయి ఊయల ఊపే తల్లి కన్న బిడ్డకి దేశం ఉండదని రాశాడు.

ఆ ముక్క చెప్పి అత్త పాప గది వైపు చూసింది.

ఆ వ్యాసం ఆమెకి కొత్త కాదు. కూతుర్ని నాలుగేళ్ళప్పుడు తన తల్లి దగ్గర వదిలి ఇటు వచ్చింది. ఆ పిల్ల పన్నెండేళ్ళప్పుడు బడిలో ఉపన్యాసాల పోటీలో ఇదే వ్యాసం అప్పజెప్పి మొదటి బహుమతి తెచ్చుకుంది. ఫోన్లో తల్లికి కూడా వినిపించింది. మళ్ళీ చెప్పమని అత్త అడిగింది. అయ్యాక మళ్ళీ అడిగింది.

"ఆ ముక్క దగ్గర గొంతు మారుతుందేమోనని విన్నాను" అంది నాతో. "మారితే నన్ను తిట్టిందనుకునేదాన్ని. మారలేదు. అంటే నమ్మి చదివింది."

ఆ పిల్ల పెద్దదై, అదే బడిలో టీచరైంది. ఇప్పుడు పిల్లలకి ఆ వ్యాసం చెబుతున్నది ఆమే. తల్లీ కూతుళ్ళు ఎప్పుడూ దాని గురించి మాట్లాడుకోలేదు.

వద్దని చెప్పెయ్యి, ఆరోగ్యం బాలేదను అన్నాను. ఆమె తల అడ్డంగా ఊపింది. చదవకపోతే మాష్టారు తనని పిరికిదనుకుంటాడంది. ఎప్పుడో పోయిన మనిషి ఏమనుకుంటాడు అత్తా అంటే, నువ్వు పోయిన మీ నాన్నకి ఇప్పటికీ భయపడవా అంది.

నాకూ ఇంటి దగ్గర కొడుకున్నాడు. మా అమ్మ పెంచుతోంది. అత్త కూతురి సంగతి విన్నాక, ఆగస్టు పదిహేనుకి నువ్వేం చదువుతావురా అని ఫోన్లో అడిగాను. వాడు ఒక పేజీ ఉపన్యాసం గడగడా చదివాడు. అందులో జెండా ఉంది, సైనికులున్నారు, రైతులున్నారు. ఎక్కడైనా నేను వస్తానేమోనని చివరిదాకా విన్నాను. రాలేదు. దానికి సంతోషించాలో లేదో ఇప్పటికీ తెలీదు.

పండగ రోజు ఇంటి మేడమ్ సెలవిచ్చి, కారులో తీసుకెళ్ళమని డ్రైవరన్నకి చెప్పింది. డ్రైవరన్నది జగిత్యాల దగ్గర పల్లె. హాల్లో నేనూ అతనూ వెనక కుర్చీల్లో కూర్చున్నాం. అత్త రెక్కల గౌనులో స్టేజీ ఎక్కి వ్యాసం మొదలుపెట్టింది. నాకు భాష రాదు కానీ సంగతి తెలుసు కాబట్టి, ఎప్పుడు రేవు వచ్చిందో, ఎప్పుడు సంకెళ్ళు వచ్చాయో ఆమె చేతుల్ని బట్టి పోల్చుకున్నాను. ఒక్క వాక్యం వదల్లేదు. ఆ ముక్క కూడా పూర్తిగా చదివింది. అప్పుడు కాగితం మడిచింది. దిగిపోతుందనుకున్నాను. దిగలేదు. మైకు పట్టుకుని మామూలు గొంతుతో, పొరుగాయనతో మాట్లాడుతున్నట్టు ఏదో చెప్పింది. ముందు వరసలో ఎవరో లేచి నిలబడ్డారు. వెనక రెండు మూడు చోట్ల చప్పట్లు మొదలై, మిగతావాళ్ళు కొట్టకపోవడంతో ఆగిపోయాయి.

నిర్వాహకుడు మెట్ల దగ్గరే ఎదురొచ్చాడు. అరవలేదు. మనకోసం జైలుకెళ్ళిన మనిషిని స్టేజీ మీద నిలబెట్టి అడుగుతావా అని మాత్రం అన్నాడట. బయటికి వస్తుంటే కొందరు ఆడవాళ్ళు దారిలో ఆమె చెయ్యి పట్టుకుని వదిలేశారు. కొందరు మొహం తిప్పుకున్నారు.

కారెక్కాం. డ్రైవరన్నే ఉండబట్టలేక అన్నాడు. "అక్కా, నాకు ఒక్క ముక్క సమజ్ కాలే గనీ, గామె చెప్పుతుంటె గా హాలంత ఒక్కసారే సల్లవడ్డది. ఏమన్నదో అడుగరాదు."

అడిగాను. అత్త కిటికీలోంచి చూస్తూ, స్టేజీ మీద చెప్పింది మళ్ళీ చెప్పింది.

"మాష్టారూ, నేను ఓడెక్కాను. మీ పద్యాలు కూడా నాతోనే ఎక్కాయి, వాటిని రేవులో వదిలి రాలేదు. నా కూతురు మీ వ్యాసం చదువుకుంది. ఆ బడికి పంపింది పరాయి ఊయల ఊపిన ఈ చేతులే. మీ మీద నాకు కోపం లేదు. ఒక్క మాట అడగాలని ఉంది. మీరు జైల్లో ఉన్నన్నాళ్ళూ మీ పిల్లల్ని ఎవరు పెంచారు? అది మీరు ఏ వ్యాసంలోనూ రాయలేదు."

నేను తెలుగులో చెప్పాను. డ్రైవరన్న తలపాగాలా చుట్టుకున్న తువ్వాలు విప్పి ఒళ్ళో పెట్టుకున్నాడు. "మా బిడ్డ పుట్టినంక నేను రెండేండ్లకు చూసిన" అన్నాడు.

అక్కడితో అయిపోతే బాగుండేది. ఎవరో వీడియో తీశారు. అది వాళ్ళ జిల్లా దాకా పోయింది. కూతురు పనిచేసే బడిలో టీచర్లందరూ చూశారు. మాష్టారిని అవమానించిన ఆయా అని కొందరు రాశారు, నిజమే కదా అడిగిందని కొందరు రాశారు. ఆ కొందరూ ఈ కొందరూ కొట్టుకుంటుంటే మధ్యలో కూతురి పేరు వచ్చింది. ఆమె నుంచి ఒకే మెసేజ్ వచ్చింది. మన ఇంటి సంగతి అందరిముందూ ఎందుకు పెట్టావమ్మా అని. ఆ తర్వాత ఫోన్లు ఆగిపోయాయి.

ఆ నెలలు ఆమె పక్క మంచం మీద పడుకున్నదాన్ని కాబట్టి చెప్పగలను, అత్త పశ్చాత్తాపపడలేదు. కానీ ధైర్యంగానూ లేదు. తప్పు చేశానా అని నన్ను అడిగేది. లేదు అంటే, నీకేం తెలుసు, నీ కొడుకు ఇంకా చిన్నవాడు అనేది. చేశావంటే, అయితే ఆ ప్రశ్న ఎవరు అడగాలి అనేది. ఇస్త్రీ గదిలో పద్యాలు మానేసింది. నది పద్యం చెప్పత్తా అని ఒకసారి నేనే అడిగాను. మొదటి పాదం చెప్పి, పెట్టె ప్లగ్గు తీసేసి వెళ్ళిపోయింది. పండగకి మళ్ళీ పిలవలేదు. ఆమె కూడా అటు వెళ్ళలేదు.

తర్వాత ఏడాది కడుపు నొప్పి మొదలైంది. గ్యాస్ అని చెప్పి చాన్నాళ్ళు దాచిపెట్టింది. మేడమ్ బలవంతంగా ఆసుపత్రికి తీసుకెళ్తే, కాలేయం బాగా పాడైందన్నారు. ఇక్కడే వైద్యం చేయిస్తానని మేడమ్ చెప్పింది, మనసులో ఉన్న మాటే చెప్పింది. అత్త ఇంటికి వెళ్తానంది. కూతురికి తనే మెసేజ్ పెట్టింది, ఫలానా రోజు వస్తున్నాను అని, రోగం సంగతి రాయకుండా. వెంటనే జవాబొచ్చింది, ఏ టెర్మినల్ అమ్మా అని. అది నాకు చూపించి, ఆ రోజంతా ఫోను జేబులోనే పెట్టుకుని తిరిగింది.

వెళ్ళే రోజు పాప ఆమె చెప్పుల్లో కాళ్ళు పెట్టుకుని గడప దగ్గర కూర్చుంది, చెప్పులు లేకపోతే వెళ్ళదని. అత్త చెప్పులు వదిలేసి బూట్లతో వెళ్ళింది. నన్ను పట్టుకుని ఏడుస్తుందనుకున్నాను. వెనిగర్ సీసా పారెయ్యకు, కొత్తగా వచ్చే మనిషికి పనికొస్తుంది అని చెప్పి కారెక్కింది.

అంత్యక్రియలైన వారానికి కూతురికి నేనే ఫోన్ చేశాను. మొదట మర్యాద మాటలు మాట్లాడింది. తర్వాత ఒక్కసారిగా చెప్పడం మొదలుపెట్టింది. అమ్మ వచ్చాక చాన్నాళ్ళు ఇద్దరూ వ్యాసం ఊసెత్తలేదట. వండుకున్నారు, టీవీ చూశారు, పాత ఫొటోలు చూశారు. ఇరవై ఏళ్ళ పైచిలుకు ఎడంలో ఒకరి అలవాట్లు ఒకరికి తెలియక, ఎదురుపడినప్పుడల్లా తప్పుకునేవారట. మంచం పట్టాక ఒక రోజు తల్లే అడిగింది, ఆ వ్యాసం చదివి వినిపించమని. కూతురు మొదలుపెట్టింది. ఆ ముక్క దగ్గరికొచ్చేసరికి చదవలేక ఆగిపోయింది. అప్పుడు తల్లి కళ్ళు మూసుకుని మిగతాది తనే అప్పజెప్పింది, ఒక్క మాట పొల్లు పోకుండా.

"అయ్యాక నాతో అంది, ఆయన తప్పు రాయలేదు, అందుకే జవాబు చెప్పాల్సి వచ్చింది అని" అంది కూతురు. "నేను ఆయన పిల్లల గురించి వెతికాను. బడి లైబ్రరీలో, జిల్లా లైబ్రరీలో. ఎక్కడా లేదు. అమ్మకి ఆ మాట చెబుదామనుకున్నాను. చెప్పేలోపు..."

నేనేమన్నా ఓదార్పు మాట చెప్పాల్సింది. కానీ నాది కూడా అదే ఓడ.

తర్వాత ఆమె ఒక ఫొటో పంపింది. కొండవాలు మీద శ్మశానం. వాన వెలిసి గడ్డి తడిగా ఉంది. ఊరి ఆడవాళ్ళంతా మడిచిన గొడుగులతో నిలబడ్డారు. చివర, గుంపుకి కాస్త ఎడంగా, ఇరవై ఏళ్ళైనా నిండని అమ్మాయి ఉంది. ఎవరని అడిగాను. తన దగ్గర ఆ వ్యాసం చదువుకున్న పిల్లే అని కూతురు రాసింది. శ్మశానం నుంచి నేరుగా విమానాశ్రయానికి వెళ్ళిందట, ఏ దేశమో నేను అడగలేదు. ఫొటోలో ఆ అమ్మాయి ఒక చేతిలో కొవ్వొత్తి పట్టుకుని, గాలికి ఆరిపోకుండా దాని మీదికి వంగి ఉంది. రెండో చెయ్యి వెనక్కి చాచి, బురదలో నిలబెట్టిన సూట్‌కేసు పడిపోకుండా పట్టుకుంది.